పూల్ బల్లకు బుగ్గచుక్క

కొత్త గుడ్డ వేసిన పూల్ బల్ల చూడముచ్చటగా ఉంటుంది. మడత లేదు, మరక లేదు, సుద్దపొడి లేదు. బంతిని వేలితో కాస్త తోస్తే చాలు, అవతలి కుషన్ దాకా పోయి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. గుడ్డ బిగించిన ఫిట్టరు చెమట తుడుచుకుని, సామాను సంచిలో సర్దుకుని, "అయిపోయింది సార్, ఆడుకోండి" అని వెళ్లిపోతాడు. బంతులు పేర్చబోతే అప్పుడు తెలుస్తుంది, బల్ల మీద చుక్క లేదని. పాత గుడ్డతోపాటు అదీ పోయింది. పెళ్లికూతురి బుగ్గన చుక్కయితే దిష్టి తగలకుండా పెట్టేది, రవ్వంత అటూ ఇటూ అయినా ముహూర్తం ఆగదు. ఇక్కడ ఆట మొదలయ్యేదే ఆ చుక్క మీద.

హైదరాబాద్‌లో నేను సాయంత్రాలు గడిపే ఒక పార్లర్‌లో ఇదే జరిగింది. చుక్క పెట్టడానికి ముగ్గురం ముందుకొచ్చాం. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు టేపు తెచ్చి, కుషన్ల నుంచి 25 అంగుళాలు కొలిచి సుద్దతో ఒక గుర్తు పెట్టాడు. నేను డైమండ్ల మీదుగా దారాలు లాగి, అవి కలిసేచోట ఇంకో గుర్తు పెట్టాను. చాలా ఏళ్లుగా అక్కడ బంతులు పేర్చే మార్కర్‌గా ఉన్న చాచా టేపూ దారమూ ముట్టలేదు. బంతులు పేర్చే త్రికోణం పెట్టి, ఒక కన్ను మూసి చూసి, తన గుర్తు తాను పెట్టాడు. మూడు గుర్తులూ మూడు చోట్ల పడ్డాయి. వాటిలో బాగా ఎడంగా ఉన్న రెండింటి మధ్య చిటికెనవేలు పడుతుంది. "గింత సదువుకున్నోళ్లు, ఒక్క సుక్క పెట్టొస్తలేదా సార్?" అని చాచా నవ్వాడు. ఆ నవ్వు తర్వాతే నేను ఈ సంగతంతా తవ్వడం మొదలుపెట్టాను.

ముందు ఆ చుక్క ఎక్కడుండాలో చూద్దాం. పూల్ బల్ల మీద ఆడే జాగా వెడల్పు ఎంతో పొడవు దానికి రెండింతలు. తొమ్మిదడుగుల బల్ల అంటే ఒక కుషన్ ముక్కు (బంతి తగిలే అంచు) నుంచి ఎదుటి కుషన్ ముక్కు దాకా పొడవున 100 అంగుళాలు, వెడల్పున 50. పొడవును ఎనిమిది భాగాలు, వెడల్పును నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం పన్నెండున్నర అంగుళాలు వస్తుంది. ఆ భాగాల దగ్గరే కుషన్ వెనక చెక్కలో డైమండ్లు పొదుగుతారు. పేరు డైమండ్లే గానీ చాలా బల్లల మీద గుండ్రటి చుక్కలే ఉంటాయి. బంతులు పేర్చే కొస ఫుట్, బ్రేక్ అనే మొదటి దెబ్బ కొట్టే కొస హెడ్. ఫుట్ కొస నుంచి రెండో డైమండ్ల మధ్య అడ్డంగా పోయే ఊహాగీత ఫుట్ స్ట్రింగ్. బల్ల నడిమధ్యన నిలువునా పోయేది లాంగ్ స్ట్రింగ్. రెండూ కలిసేచోటు ఫుట్ స్పాట్. తొమ్మిదడుగుల బల్ల మీద అది ఫుట్ కుషన్ నుంచి 25 అంగుళాలు, రెండు పక్క కుషన్ల నుంచీ 25 అంగుళాలే. మూడు వైపులకూ ఒకే దూరం. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ 25 అనే అంకెను కంఠతా పట్టినవాళ్లే ఎక్కువ పొరబడతారు. ఎనిమిదడుగుల బల్లల్లోనే రెండు రకాలున్నాయి. ఒకదాని ఆట జాగా 92 అంగుళాలకు 46, ఇంకోదానిది 88కి 44. మొదటిదాంట్లో చుక్క 23 అంగుళాల దగ్గర, రెండోదాంట్లో 22 దగ్గర. ఏడడుగుల బల్ల 78కి 39 అయితే పందొమ్మిదిన్నర. బయటి నుంచి చూసి ఏది ఏ రకమో చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. పైగా ప్రపంచ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ నిబంధనలే ఈ కొలతల్లో అంగుళంలో ఎనిమిదోవంతు, అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు తేడాను ఒప్పుకుంటాయి. కాబట్టి పుస్తకంలో అంకె పక్కన పెట్టి మీ బల్ల పొడవెంత, వెడల్పెంత అని కొలవాలి. వెడల్పులో సగం, పొడవులో నాలుగోవంతు. లెక్క ఇంతే. చిక్కంతా కొలవడంలో ఉంది.

చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఒక సంగతి తెలుసు. మొదటి వరస వంకరపోతే చివరికి ముగ్గంతా వంకరే. కొత్త గుడ్డ విషయమూ అలాంటిదే. పేర్చిన బంతుల మీద బ్రేక్ పడినప్పుడల్లా అవి గుడ్డను కింది పలకకేసి నొక్కుతాయి. పలక అంటే ఒక అంగుళం మందం బండ, అది లొంగదు. లొంగేది గుడ్డే. కొన్నాళ్లకు ముందు బంతి కింద, దాని వెనక రెండింటి కింద సన్నని గుంటలు పడతాయి. ఆ తర్వాత పేర్చేవాడు ఎంత జాగ్రత్తగా పెట్టినా బంతులు ఆ గుంటల్లోకే జారి కూర్చుంటాయి. కొందరు ఈ గుణాన్నే వాడుకుని బంతి మీద ఇంకో బంతితో తట్టి, కావాలనే గుంటలు చేసి, త్రికోణమే అక్కర్లేకుండా పేరుస్తారు. మొదటి వారంలో చుక్క మూడు మిల్లీమీటర్లు పక్కకి పడితే ఆ తప్పు గుడ్డలో అచ్చుపడిపోతుంది. నెల తర్వాత చుక్కను సరిదిద్దినా బంతులు పాత గుంటల్నే వెతుక్కుంటాయి. అందుకే గుడ్డ మార్చిన రోజునే, ఒక్క బ్రేక్ కూడా కొట్టకముందే ఈ పని తేల్చుకోవాలంటాను. అలాగని గుడ్డ బిగించకముందు కాదు. ఉన్ని గుడ్డ లాగితే సాగుతుంది. ముందే పెట్టిన గుర్తు దాంతోపాటు సాగిపోతుంది. గుడ్డ బిగించి, కుషన్లు బోల్టులతో బిగించాకే చుక్క.

ఇక అసలు తగాదా దేన్నుంచి కొలవాలన్నది. డైమండ్ల నుంచా, కుషన్ ముక్కు నుంచా? రెండు పక్షాలకూ గట్టి వకీళ్లున్నారు. డైమండ్ల పక్షం వాదన ఇది: నిబంధనే ఫుట్ స్పాట్‌ను రెండో డైమండ్ల మధ్య గీత మీద పెట్టమంటోంది, ఆటగాళ్లు బ్యాంక్ షాట్లకు గురి చూసేది డైమండ్లనే, మరి చుక్క వాటికే కదా సరిపోవాలి? ముక్కు పక్షం వాదన నాకు మరింత నచ్చింది. బంతి తగిలేది ముక్కుకే. డైమండ్‌కు ఏ బంతీ తగలదు.

గుడ్డ మార్చేటప్పుడు కుషన్లన్నీ ఊడదీస్తారు. తిరిగి బిగించేటప్పుడు బోల్టు రంధ్రాల్లో కాస్త వదులు ఉండనే ఉంటుంది. పొడుగు వైపు కుషన్ చెక్క ఒకటి తన పొడవు వెంట 3 మిల్లీమీటర్లు ఫుట్ వైపు జరిగిందనుకుందాం. దాని మీద డైమండ్లన్నీ 3 మిల్లీమీటర్లు జరిగాయి. ఎదుటి చెక్క జరగలేదు. రెంటి మధ్య లాగిన దారం ఇప్పుడు ఏటవాలుగా పోతుంది, మధ్యలో చుక్క ఒకటిన్నర మిల్లీమీటరు తప్పుతుంది. ముక్కు మాత్రం? అది పొడుగునా ఒకే అంచు. తన గీత వెంట ఎంత జరిగినా ఆట జాగా అంగుళం కూడా మారదు. అంటే గుడ్డ మార్చాక డైమండ్ అబద్ధమాడగలదు, ముక్కు ఆడలేదు. ఇదే కారణంగా పాత గుడ్డ తీసినప్పుడు పలక మీద కనిపించే పెన్సిల్ గుర్తును నమ్ముకోవడమూ తప్పే. కుషన్లు ఊడదీసి మళ్లీ బిగించాక, కొలతల మేరకు, అది నిన్నటి బల్ల కాదు.

అయినా డైమండ్లను పూర్తిగా తోసిపుచ్చను. సాక్షులుగా పనికొస్తాయి. ఎలాగో చెప్పే ముందు దారం పద్ధతిలో నేనెక్కడ తప్పానో చెప్పాలి.

దారం కుషన్ చెక్కల మీదుగా పోతుంది. గుడ్డకు, దారానికి మధ్య సుమారు 40 మిల్లీమీటర్ల ఎత్తు. రెండు దారాలు కలిసేచోటును పైనుంచి చూసి కింద గుడ్డ మీద గుర్తు పెట్టాలి. చూపు నిట్టనిలువుగా ఉంటే సరే. తొమ్మిదడుగుల బల్ల మధ్యకు ఒంగి, నడుం నొప్పెడుతుండగా, తల పది డిగ్రీలు పక్కకి వాలితే గుర్తు ఏడు మిల్లీమీటర్లు పక్కకి పడుతుంది. నాకు పడింది అక్కడే. దీనికి విరుగుడు రెండు. ఒకటి, మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండులాంటిది ఏదైనా, సన్నని దారానికి కట్టిన నట్టు అయినా సరే, కూడలి నుంచి కిందికి వదలడం. రెండోది నాకు బాగా నచ్చిన కిటుకు: గుడ్డ మీద చిన్న అద్దం ముక్క పెట్టి, పైదారం తన ప్రతిబింబాన్ని పూర్తిగా కప్పేసేలా తల జరుపుకోవడం. దారం, దాని ప్రతిబింబం ఒకటైపోయాయంటే చూపు నిలువుగా ఉన్నట్టే. లాంగ్ స్ట్రింగ్ దారానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బల్ల చుట్టూ ఉండాల్సిన 18 డైమండ్లలో హెడ్ కొస మధ్యలోదాన్ని తీసేసి చాలా కంపెనీలు అక్కడ తమ పేరుపలక బిగిస్తాయి. పేరుపలక నడిమధ్యన ఎక్కడని దారం కడతాం? ఉజ్జాయింపుగా కట్టాల్సిందే.

ఇప్పుడు సాక్షుల సంగతి. ఫుట్ వైపు సగం బల్ల నిజానికి ఒక చదరం, 50కి 50. చుక్క దాని నడిమధ్యన ఉంటుంది. అందువల్ల అడ్డంగా రెండో డైమండ్ నుంచి రెండో డైమండ్‌కు ఒక దారం, ఎడమ పక్క మొదటి డైమండ్ నుంచి కుడి పక్క మూడోదానికి ఒకటి, ఎడమ మూడోదాన్నుంచి కుడి మొదటిదానికి ఒకటి లాగితే మూడూ ఒకేచోట కలవాలి. డైమండ్లు ముక్కు దగ్గర కాక సుమారు 94 మిల్లీమీటర్లు వెనక్కి చెక్కలో ఉంటాయి కదా, ఏటవాలు దారం తప్పుదారి పట్టదా అని నాకూ అనుమానం వచ్చింది. పట్టదు. రెండు వైపులా అంతే వెనక్కి ఉన్నంతకాలం దారం మధ్యబిందువు కదలదు. బల్ల నిక్కచ్చిగా ఉంటే మూడు దారాలూ ఒక్క బిందువు దగ్గర ముడిపడతాయి. లేకపోతే వాటి మధ్య చిన్న త్రికోణం ఏర్పడుతుంది. ఆ త్రికోణం ఆవగింజంత ఉంటే ఫిట్టరును మెచ్చుకోవచ్చు. శనగగింజంత ఉంటే కుషన్ బోల్టులు ఒకసారి చూడాలి.

టేపు పద్ధతి తేలికగా కనిపిస్తుంది, మోసం అంతా అందులోనే ఉంది. కుర్రాడి తప్పు అంకెలో కాదు, టేపు కొసలో. కుషన్ ముక్కు గుడ్డకు ఆనుకుని ఉండదు. బంతి ఎత్తులో దాదాపు 63 శాతం, అంటే సుమారు 36 మిల్లీమీటర్ల పైన ఉండి ముందుకు పొడుచుకొస్తుంది. దాని కింద రబ్బరు వెనక్కి వాలి ఉంటుంది. టేపును గుడ్డ మీద పరిచి కొస తోస్తే అది ముక్కు కిందికి దూరి వెనక ఎక్కడో ఆగుతుంది. కొలిచింది 25 అంగుళాలే, కానీ ముక్కు నుంచి కాదు. వడ్రంగి వాడే మూలమట్టం నిలబెట్టి, దాని నిలువు అంచును ముక్కుకు తాకించి, అక్కణ్ణుంచి కొలవాలి. గట్టిగా నొక్కకూడదు, రబ్బరు లోపలికి పోతుంది. ఇక టేపు కొసన ఉండే కొక్కెం కావాలనే కాస్త వదులుగా చేస్తారు. అంచుకు తగిలించినప్పుడు, గోడకు ఒత్తినప్పుడు దాని మందం లెక్కలో పడకుండా అటూ ఇటూ జరగడానికి. కొత్త టేపులో అది గుణం. వంగి, నలిగిన పాత టేపులో అది దోషం. అందుకే 10 సెంటీమీటర్ల గీత నుంచి మొదలుపెట్టి చివర్లో 10 తీసేసేవాళ్లు తెలివైనవాళ్లు. తీసేయడం మరిచిపోతే మాత్రం వాళ్ల తెలివి వాళ్లనే ముంచుతుంది.

కుషన్‌కు బంతి ఆనించి బంతి నడుమ నుంచి కొలిచేవాళ్లనూ చూశాను. బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు కాబట్టి సగం 28.6 అని కలుపుతారు. ముక్కు బంతిని నడుముకు పైన తాకుతుంది కాబట్టి నిజమైన దూరం 27.5. ఒక మిల్లీమీటరు ఇక్కడే ఎగిరిపోయింది. రెండు వైపులా అలాగే చేసి మధ్య తీసుకుంటే తప్పులు రెండూ కొట్టుకుపోతాయి, ఒక వైపే చేస్తే మిగిలిపోతుంది.

తప్పులు కొట్టుకుపోవడం అనే ఆ మాటలోనే నాకు ఈ మొత్తం సమస్యకు మందు దొరికింది. అంకెలే అక్కర్లేని పద్ధతి ఒకటుంది. బల్ల వెడల్పులో సగం కంటే అర అంగుళం తక్కువగా, వంకర లేని సన్నని పుల్ల ఒకటి తీసుకోండి. ఎంత పొడవో కచ్చితంగా తెలియక్కర్లేదు. దాన్ని ముక్కు ఎత్తులో ఎడమ కుషన్‌కు తాకించి, కొస నిలువుగా ఎక్కడికి దిగుతుందో గుడ్డ మీద సుద్దతో సన్నని గీత పెట్టండి. అదే పుల్ల, అదే కొస, ఇప్పుడు కుడి కుషన్‌కు తాకించి ఇంకో గీత. రెండు గీతల మధ్య అంగుళం ఎడం మిగులుతుంది. ఆ అంగుళాన్ని కంటితో సగం చేయండి. 50 అంగుళాలను కంటితో సగం చేయమంటే ఎవరైనా తడబడతారు గానీ, ఒక్క అంగుళాన్ని సగం చేయడంలో అర మిల్లీమీటరు కూడా తప్పరు. పుల్ల కొస అరిగిపోయి ఉన్నా, మీరు కాస్త నొక్కినా, రెండు వైపులా ఒకేలా జరిగితే తప్పు పోతుంది. ఇదే పని ఫుట్ చివర ఒకసారి, హెడ్ చివర ఒకసారి చేస్తే నడిమి గీత తేలుతుంది. తర్వాత ఫుట్ కుషన్ నుంచి దూరం. మూడు వైపులా దూరం ఒకటే అన్నాను కదా. తేలిన నడిమి గీత దాకా సరిపోయేలా ఇంకో పుల్ల కోసి, దాన్నే ఫుట్ కుషన్‌కు తాకించి అడ్డగీత పెట్టాలి. బల్ల పొడవులో నాలుగోవంతుతో దాన్ని సరిచూడాలి. తేడా ఒక మిల్లీమీటరు లోపు ఉంటే పట్టించుకోకండి. ఎక్కువుంటే బల్ల రెండుకి ఒకటి నిష్పత్తిలో లేదన్నమాట. అప్పుడు నేనైతే పొడవులో నాలుగోవంతునే నమ్ముతాను.

లేజర్ గురించి రెండు మాటలు చాలు. అడ్డంగా నిలువుగా ఎర్రగీతలు వేసే పరికరం ఇప్పుడు ఇంటి పనులు చేసే మేస్త్రీల దగ్గర కూడా ఉంది. వెలుగు నేరుగా గుడ్డ మీదే పడుతుంది కాబట్టి చూపు వాలే గొడవ లేదు. కానీ దాన్ని ఏ రెండు గుర్తులకు గురిపెట్టామో అవి సరైనవై ఉండాలి. డైమండ్లకు గురిపెడితే డైమండ్ల తప్పే వెలుగుతుంది. ఇక అంగడిలో దొరికే అచ్చుపలకలు, ఫుట్ కుషన్‌కు ఆనించి రంధ్రంలోంచి గుర్తు పెట్టేవి, ఒక సైజు బల్లకే పనికొస్తాయి. 92 అంగుళాల బల్లకు చేసినదాన్ని 88 బల్ల మీద పెడితే అంగుళం తప్పుతుంది. ఆ తప్పు కంటికీ తెలుస్తుంది.

అసలు ఎంత కచ్చితంగా ఉంటే చాలు? ఇక్కడ నా అభిప్రాయం చాలామంది ఆటగాళ్లకు నచ్చకపోవచ్చు. చుక్క రెండు మిల్లీమీటర్లు పక్కకి పడితే బ్రేక్‌లో ఏమీ కాదు. బంతుల గుంపంతా రెండు మిల్లీమీటర్లు జరిగింది, మూలపాకెట్ వైపు పోయే బంతి దారీ రెండు మిల్లీమీటర్లే జరుగుతుంది. మూలపాకెట్ నోరు నిబంధన ప్రకారం నాలుగున్నర అంగుళాల పైచిలుకు, బంతి రెండుంపావు. ఆ వెడల్పులో రెండు మిల్లీమీటర్లు ఏ మూలకి? కానీ గుంపు ఒక్క డిగ్రీ తిరిగితే కథ మారుతుంది. చుక్క నుంచి మూలకు దూరం సుమారు 35 అంగుళాలు, అంటే 900 మిల్లీమీటర్లు. ఒక డిగ్రీ తిరుగుడు అక్కడికి చేరేసరికి దాదాపు 16 మిల్లీమీటర్లు. బంతికి పాకెట్ నోట్లో ఒక్కో వైపు ఉండే సందు 28 మిల్లీమీటర్లే కదా, అందులో సగానికి పైగా పోయింది. ఎనిమిది బంతి ఆటలో త్రికోణం వెనక వరస రెండు చివరి బంతుల మధ్య దూరం నాలుగు బంతుల వ్యాసాలు, సుమారు 229 మిల్లీమీటర్లు. ఒక డిగ్రీ తిరిగితే ఒక చివర రెండో చివరకన్నా ఫుట్ కుషన్‌కు నాలుగు మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. నాలుగు మిల్లీమీటర్లు గుర్తుపట్టే కన్ను ఎవరికుంది?

చుక్క ఒక బిందువు. బిందువు చోటు చెబుతుంది, దిక్కు చెప్పదు. కాబట్టి చుక్క కోసం పడే ఆరాటంలో సగమైనా చుక్క నుంచి ఫుట్ కుషన్ నడిమికి పోయే గీత మీద పెట్టాలి. ఆ గీత ఉంటే త్రికోణం తిరుగుడు ఇట్టే పట్టుబడుతుంది. పైగా బల్ల దూకిన బంతినో, ఫౌల్‌లో పడిన బంతినో తిరిగి పెట్టాల్సి వస్తే, చుక్క మీద జాగా లేకపోతే ఆ గీత వెంటే వెనక్కి పెట్టాలని నిబంధన.

ఇక దేన్ని చుక్క మీద పెడతామన్నదే ఆటను బట్టి మారుతుంది. అమెరికన్ పద్ధతిలో త్రికోణం ముందు బంతి చుక్క మీద. ఇంగ్లండ్ పబ్బుల ఎనిమిది బంతి ఆటలో నల్లబంతి చుక్క మీద. అక్కడి బంతులు రెండంగుళాలవి కాబట్టి ముందు బంతి చుక్కకు 88 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. వాళ్ల నిబంధన చుక్కను నిర్వచించే తీరు కూడా అందంగా ఉంటుంది, మూలపాకెట్ల నుంచి నడిమి పాకెట్లకు ఏటవాలుగా పోయే గీతలు కలిసేచోటని. నేను పైన చెప్పిన చదరపు కర్ణాలే అవి. తొమ్మిది బంతి ఆటలో ఇప్పుడు పెద్ద టెలివిజన్ పోటీలు తొమ్మిదో బంతినే చుక్క మీద పెట్టిస్తున్నాయి. అప్పుడు ముందు బంతి 99 మిల్లీమీటర్లు ముందుకు జరిగి, పక్కబంతి తేలిగ్గా మూలపాకెట్‌లో పడే వాటం పోతుంది. కాబట్టి మీ బల్ల మీద ఏ ఆట ఎక్కువో తెలిస్తే చుక్కతోపాటు ఆ ఆటలో ముందు బంతి స్థానాన్ని కూడా గుర్తుపెట్టుకోవచ్చు.

రెండు మిల్లీమీటర్లు తప్పినా ఏమీ కాదన్నాను గానీ, అది అన్ని ఆటలకూ వర్తించదు. పద్నాలుగు బంతులు పడగొట్టి పదిహేనోదాన్ని బల్ల మీద వదిలేసి మళ్లీ పేర్చే ఆట ఒకటుంది. విల్లీ మాస్కోనీ 1954లో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వరసగా 526 బంతులు వేసింది ఆ ఆటలోనే, ఎనిమిదడుగుల బల్ల మీద. అంటే లెక్కేసి చూస్తే త్రికోణం ముప్పై ఏడుసార్లు మళ్లీ పేర్చాలి. ప్రతిసారీ మిగిలిన బంతి త్రికోణం గీత లోపలుందా, బయటుందా అని తేలాలి. అందుకని త్రికోణం బయటి అంచు మొత్తాన్ని పెన్సిల్‌తో గుడ్డ మీద గీస్తారు. చుక్క తప్పితే ఆ గీత తప్పుతుంది, గీత తప్పితే తగాదా. స్నూకర్ గురించి చెప్పనక్కర్లేదు, జబల్‌పూర్‌లో 1875లో పుట్టిందని చెప్పుకునే మన దేశపు ఆటే. అక్కడ ఆరు రంగుల బంతులకు ఆరు చుక్కలు. నల్లబంతి చుక్క పై కుషన్ నుంచి 324 మిల్లీమీటర్లు, బాక్ గీత కింది కుషన్ నుంచి 737. వేసిన రంగుబంతిని మళ్లీ మళ్లీ దాని చుక్క మీదే పెట్టే ఆట కాబట్టి అక్కడ రెండు మిల్లీమీటర్లను నేను తేలిగ్గా తీసుకోను. ఇంగ్లిష్ బిలియర్డ్స్‌లోనైతే చుక్క మీది ఎర్రబంతిని అదేపనిగా వేసి వేసి 1890లో పీల్ అనే ఆటగాడు ఒకే వరసలో 3,304 పాయింట్లు చేశాడు. చూసేవాళ్లు విసిగి, చివరికి నిబంధనలే దానికి పగ్గం వేశాయి.

కొలత తేలాక దేంతో పెట్టాలి? ముందు దర్జీ సుద్ద. అది చేత్తో దులిపితే పోతుంది కాబట్టి తప్పు దిద్దుకోవచ్చు. చివరిగా మెత్తని పెన్సిల్, లేదా అంటించే చిన్న బిళ్ల. స్కెచ్ పెన్ను దగ్గరికి రానివ్వకండి. ఉన్ని సిరాను పీల్చి, చుక్కను మూడింతలు చేస్తుంది. బిళ్ల అంటించేటప్పుడే అంత కష్టమూ వృథా అయ్యే ప్రమాదం ఉంది, ఎందుకంటే కూడలి బిళ్ల కింద దాగిపోతుంది. కూడలి దాటి నాలుగు వైపులా, బిళ్ల అంచుకు కాస్త అవతల, చిన్న సుద్దగీతలు పొడిగించి పెట్టుకోవాలి. బిళ్ల అంచు ఆ నాలుగింటికీ సమానంగా ఉండేలా చూసి, ముందు తేలిగ్గా ఆనించి, తర్వాత నొక్కాలి. బిళ్ల అరిగి, మధ్యలో గుంటపడి, అంచులు లేస్తే మార్చేయాలి. బంతి గుడ్డను తాకేది ఆవగింజంత మేర. గుంట పక్కన పడితే బంతి బిళ్ల నడిమిని కాక ఆ గుంటనే పట్టుకుంటుంది. పలుచటి ప్లాస్టిక్ అచ్చుల మీద బంతులు పేర్చేవాళ్లు బిళ్ల లేకుండా పెన్సిల్ గుర్తుతోనే గడిపేస్తారు. నాకు అదే ఇష్టం.

మా పార్లర్‌లో మర్నాడు పుల్ల కోసి మళ్లీ కొలిచాం. మూడు పాత గుర్తులూ ఇంకా చెరిపేయలేదు. వెడల్పులో చూస్తే అందరికన్నా దగ్గరగా పెట్టింది చాచా, మిల్లీమీటరు లోపే. రెండు వైపులు సమానమా కాదా అని పోల్చడంలో కంటికి సాటి లేదు. పొడవులో మాత్రం ఆయనా బోల్తా పడ్డాడు, ఫుట్ వైపుకు తొమ్మిది మిల్లీమీటర్లు. పోల్చి చూసుకోవడానికి అటు వైపు రెండో దూరం లేదు కదా. చాచా ఏమీ అనలేదు. బిళ్ల వెనక కాగితం గోటితో ఊడదీసి, నాలుగు సుద్దగీతల మధ్య ఆనించి, దాని మీద ఒక బంతి పెట్టి అరచేత్తో నొక్కాడు. సుద్ద ఊదేశాడు. నేను పుల్ల పక్కన పడేయబోతుంటే ఆపాడు.

"ఎనక గీత గూడ గీయండ్రి సార్. లేకుంటే రేపు పొద్దుగాల పోరగాండ్లు ట్రయాంగిల్ వంకర వెట్టి, బల్లనే మంచిగ లేదంటరు."

పుల్ల ఆనించి, పెన్సిల్ తేలిగ్గా పట్టి, బిళ్ల నుంచి ఫుట్ కుషన్ దాకా గీశాను. నిలబడి చూస్తే కనపడదు, బల్ల మీదికి ఒంగితేనే కనపడుతుంది.